హ్యాండిళ్ళ సంచి

తుపాను హెచ్చరిక రేడియోలో రాగానే నత్తలగరువులో ఎవరి హడావిడి వాళ్ళకుంటుంది. ఆడవాళ్ళు కిరసనాయిలు సీసాలు నింపుకుంటారు. మగవాళ్ళు వరికుప్పల మీద పరదాలు కప్పి తాళ్ళు బిగిస్తారు. కిరాణా కొట్లో కొవ్వొత్తులు గంటలో ఖాళీ. లైన్‌మన్ ఆశీర్వాదం మాత్రం సైకిలు వెనక గోనెసంచి కట్టుకుని ఊరి మీద పడతాడు. ఇంజను ఉన్న ప్రతి గుమ్మం ఎక్కి, ఆ ఇంజన్ను తిప్పే ఇనప హ్యాండిలు ఇచ్చెయ్యమని అడుగుతాడు.

నవ్వు రాక ఏమవుతుంది? డీజిలు ఇంజను కొనుక్కున్నదే కరెంటు పోయినప్పుడు ఆడించుకోవడానికి. తీరా కరెంటు పోయే వేళకి వచ్చి, హ్యాండిలు పట్టుకుపోతానంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు గొణిగేవారు. షామియానాల కొట్టాయన తిట్టేవాడు. రైసుమిల్లు గుమస్తా, "హ్యాండిళ్ళ ఆశీర్వాదం గారొచ్చారు, ఇచ్చి పంపించండ్రా" అని లోపలికి కేకేసేవాడు. ఆ పేరే ఊళ్ళో స్థిరపడింది. ఆశీర్వాదం ఏమీ అనుకునేవాడు కాదు. నోటుపుస్తకంలో పద్నాలుగు పేర్లు రాసుకున్నాడు. పద్నాలుగు హ్యాండిళ్ళూ సంచిలో పడేదాకా గుక్కెడు నీళ్ళు కూడా తాగడు. తుపాను వెళ్ళి, లైను బాగై, కరెంటొచ్చాక ఒక్కొక్కటీ తుడిచి, నూనె రాసి, ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చేవాడు. ఆ నూనె చూసే సగంమంది ఊరుకునేవారు.

ఎందుకిదంతా అని అడిగినవాళ్ళకి ఓపిగ్గా చెప్పేవాడు. స్తంభాల మీద పదకొండు వేల వోల్టుల కరెంటు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తగ్గించి ఇళ్ళకిస్తుంది. లైను ఆపి మనిషి స్తంభం ఎక్కినప్పుడు, ఏ ఇంట్లోంచైనా ఇంజను కరెంటు తీగల్లోకి వెనక్కి వస్తే, అదే ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మళ్ళీ పదకొండు వేలు చేసి పైకెక్కిస్తుంది. దానికి ఇటూ అటూ తెలీదు. పైనున్నవాడు లైను చచ్చిపోయిందనుకుని చెయ్యివేస్తాడు.

"ఇంట్లోంచి కరెంటు ఎదురెళ్ళడమేంటండీ, విడ్డూరం కాకపోతే!"

"పోటు వచ్చినప్పుడు మన డ్రెయిన్లోకి ఉప్పునీళ్ళు ఎదురు రావడం లేదాండీ? అలాగే."

"అది సముద్రమండీ బాబూ. ఇది నా అయిదు గుర్రాల ఇంజను."

అక్కడితో అందరూ నవ్వేసేవారు. వాళ్ళ నవ్వు టక్కున ఆగిపోయే సంగతి ఒకటి ఆశీర్వాదం దగ్గర ఉంది. ఈ ఊళ్ళోనే, ఈ ఇంజన్ల వల్లే ఒక మనిషి పోయాడని చెబితే చాలు. ఆ మాట ఏడేళ్ళుగా అతని గొంతులోనే ఉండిపోయింది. అది బయటికి రానంతకాలం రెండు నష్టాలు. ఊరు నమ్మదు కనుక ఇంకొకడు పోవచ్చు. పోయినవాడి మీద పడ్డ నింద పోదు.

* * *

ఆశీర్వాదం పాలకొల్లుకి దిగువన ఒక పేటలో పుట్టాడు. తండ్రి కాలవ గట్ల మీద మట్టి పని చేసేవాడు. లూథరన్ మిషను హాస్టల్లో ఉండి పదో తరగతి గట్టెక్కాడు. ఎనభై ఒకటిలో స్తంభాలకి గోతులు తవ్వే కూలీగా చేరి, హెల్పరై, లైన్‌మన్ అయ్యాడు. ఎండాకాలం మధ్యాహ్నం స్తంభం ఎక్కి దిగినా గుక్క తిప్పుకోకుండా మాట్లాడగలడు. ఒకచోట కూర్చోమంటే మాత్రం అతని వల్ల కాదు.

ఆదివారం గుడిలో పాస్టరుగారు ప్రసంగం మొదలెడతారు. పైన ఫ్యాను కాస్త నెమ్మదిస్తుంది. ఎవరికీ తెలీదు. ఆశీర్వాదానికి తెలుస్తుంది. మెడ పైకి లేస్తుంది, ఆ వెనకే మనిషి కూడా లేస్తాడు. భార్య ఏసమ్మ చొక్కా పట్టుకుని లాగుతుంది.

"కూర్చోండి. దేవుడు మిమ్మల్ని చూస్తున్నాడు, మీరు ఫ్యాన్ని చూస్తున్నారు."

అన్నం కూడా నిలబడి తింటాడు, కంచం చేతిలో పట్టుకుని గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూ. పెళ్ళైన కొత్తలో ఇలా ఉండేవాడు కాదని ఏసమ్మ అందరితో అంటుంది. నిజమే. తొంభై ఆరుకి ముందు అతను హాయిగా మఠం వేసుకు కూర్చుని రెండోసారి అన్నం పెట్టించుకున్న మనిషే.

తొంభై ఆరు నవంబరు తుపాను సంగతి గోదావరి జిల్లాల వాళ్ళకి వేరే చెప్పాలా! కొబ్బరితోటలు తలలు తెగి నిలబడ్డాయి. మైళ్ళకి మైళ్ళు స్తంభాలు పడిపోయాయి. ఆశీర్వాదం, అతని జతగాడు అప్పాజీ పదిరోజులు ఇంటి ముఖం చూడలేదు. తడిసిన అటుకులు, బెల్లం, లారీల మీంచి విసిరిన పులిహోర పొట్లాలు తిని బతికారు.

అప్పాజీ ఎలాంటివాడో చెప్పాలి. అతనంత జాగ్రత్తపరుణ్ణి ఆ సెక్షన్లో ఎవరూ చూడలేదు. స్తంభం ఎక్కే ముందు మూడుసార్లు చూసుకునేవాడు. లైను ఆగిందా అని ఒకసారి. పొరపాటున కరెంటు వస్తే నేలలోకి దించే ఎర్తింగ్ గొలుసు తీగలకి పడిందా అని ఒకసారి. నడుం తాడు ముడి ఒకసారి. ఆశీర్వాదానికేమో అన్నీ తొందరే. "నీకు తొందర, నాకు పెళ్ళాం పిల్లా" అని అప్పాజీ వేళాకోళం చేసేవాడు.

పదకొండో రోజు పొద్దున్న ఇద్దరూ నత్తలగరువు చివర, చెరువుల దగ్గరి ట్రాన్స్‌ఫార్మరు లైనుకి వచ్చారు. దాని మీద నాలుగే ఇళ్ళు. అందులో ఒకటి పాపాయమ్మ గారిది. భర్త పోయి, ఒక ఆవుని పెట్టుకుని ఒంటరిగా ఉండే పెద్దావిడ. పేట వాళ్ళకి ఆ ఊళ్ళో వీధి అరుగు దాకానే మర్యాద. ఆశీర్వాదం గుమ్మం దాటి లోపల పీట మీద కూర్చుని అన్నం తిన్న మొదటి ఇల్లు పాపాయమ్మ గారిదే. "లైను బాగుచేసేటప్పుడు మా ఇంటి కరెంటు ముట్టుకుంటావు, మా ఇంటి పీట ముట్టుకుంటే ఏంటి?" అందావిడ.

ఆ పొద్దున్న ఆశీర్వాదం ఆవిడ అరుగు మీద చతికిలబడి నోరారా అడిగాడు.

"వేడన్నం మొహం చూసి పదిరోజులైందమ్మా. ఇంత అన్నం, పప్పుచారు పడేశారంటే మీ కరెంటు మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తాం."

"అదెంత భాగ్యం నాయనా! మీరు పని చూసుకోండి, గంటలో పిలుస్తాను."

గంటలో పెడతానంది సరే, నీళ్ళేవీ? కాలవలో పశువుల కళేబరాలు తేలుతున్నాయి. బోరు మోటారుకి కరెంటు లేదు. ఆవిడ పక్కనే ఉన్న మిల్లుకెళ్ళి ఇంజను మనిషిని బతిమాలింది. అతను మంచివాడే. ఇంజను తిప్పి, వైరు ఒకటి గోడ మీంచి లాగి, కిటికీలోంచి ఆవిడ ఇంట్లో ప్లగ్గుకి పెట్టాడు. మెయిన్ స్విచ్చి దించాలని అతనికీ తెలీదు, ఆవిడకీ తెలీదు. మోటారు తిరిగింది, నీళ్ళు పడ్డాయి, ఎసరు మరిగింది. ఆ కరెంటు మోటారుతో ఆగలేదు. వెనక్కి వెళ్ళి ట్రాన్స్‌ఫార్మరెక్కి, అక్కణ్ణించి పెద్ద తీగల్లోకి పాకింది. మూడు వందల గజాల అవతల అప్పాజీ అప్పుడే తీగ పట్టుకున్నాడు.

పట్టుకున్న చెయ్యి మళ్ళీ వదల్లేదు.

కింద తాడు పట్టుకుని ఉన్న ఆశీర్వాదానికి మొదట ఏమీ అర్థం కాలేదు. సబ్‌స్టేషన్లో లైను ఆపి ఉంది, ఆ కాగితం అతని జేబులోనే ఉంది. సబ్‌స్టేషను వైపు ఎర్తింగ్ గొలుసు ఉంది. మరి కరెంటెక్కణ్ణించి వచ్చింది? తల తిప్పి ఊరివైపు చూశాడు. ఎక్కడో ఇంజను టకటకమంటోంది. పరిగెత్తాడు. పాపాయమ్మ గారి కిటికీలో వైరు కనబడింది. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి, "అయిపోయింది నాయనా, కాళ్ళు కడుక్కోండి" అంది. పొయ్యి మీద అన్నం పొగలు కక్కుతోంది.

అతను వైరు లాగేశాడు. "ఎందుకలా పీకేస్తున్నావు?" అని ఆవిడ అడిగితే, "లైను వచ్చేస్తోందమ్మా, ఇక అక్కర్లేదు" అన్నాడు. వైరు చుట్టచుట్టి తీసుకెళ్ళి డ్రెయిన్లో పారేశాడు. అప్పటికప్పుడు అతనికి తోచింది ఒక్కటే. సంగతి బయటపడితే ఆ ముసలావిణ్ణి పోలీసులు తీసుకుపోతారు. తనకి పీట వేసిన మనిషి, తనకి అన్నం పెట్టబోయి దోషి అవుతుంది. ఆ అన్నం అడిగింది కూడా తనే.

విచారణకి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. సబ్‌స్టేషను వైపు గొలుసు వేసి, ఊరివైపు ఎందుకు వెయ్యలేదని అడిగారు. ఆ రోజుల్లో ఊరివైపు ఎవరూ వేసేవారు కాదు. అటునుంచి కరెంటు వస్తుందని ఎవరి ఊహలోనూ లేదు. ఆ మాటైనా అనొచ్చు కదా! ఆశీర్వాదం నోరు మెదపలేదు. "సొంత అజాగ్రత్త, తొందరపాటు వల్ల" అని కాగితం మీద పడింది. మూడుసార్లు చూసుకునే మనిషికి తొందరపాటు అంటగట్టారు. అంటగడుతుంటే, నిజంగా తొందరపాటు మనిషి పక్కన నిలబడి చూశాడు.

* * *

అప్పాజీ భార్య మాణిక్యాంబకి భర్త ఉద్యోగం కింద సబ్‌స్టేషన్లో పనిచ్చారు. మొదట కాగితాలు అందించేది. తెలివైన మనిషి, రెండేళ్ళలో మీటర్లు చూసి రిజిస్టరు రాసే పని నేర్చుకుంది. లైను మీద పనిచెయ్యాలంటే ముందు సబ్‌స్టేషన్లో లైను ఆపించి, ఆపినట్టు కాగితం తీసుకోవాలి. దాన్ని ఎల్సీ అంటారు. పని అయ్యాక ఆ కాగితం తిరిగిస్తేనే మళ్ళీ కరెంటు వదుల్తారు. ఆశీర్వాదం ఎల్సీకి వెళ్ళినప్పుడల్లా మాణిక్యాంబ తల ఎత్తకుండా అడిగేది.

"సంచి లెక్క?"

"పద్నాలుగండి."

రిజిస్టర్లో ఆ లెక్కకి గడి లేదు. ఆవిడే చివర ఖాళీ జాగాలో "హ్యాండిళ్ళు 14" అని రాసేది. ఊరంతా నవ్వే పనిని నవ్వకుండా రాసుకున్న మనిషి ఆవిడొక్కతే. ఎందుకు రాస్తున్నారని అతను అడగలేదు. ఎందుకు తెస్తున్నావని ఆవిడా అడగలేదు.

ఆవిడ కూతురు హారతి కాలేజీకి వచ్చింది. ఆ పిల్ల రోడ్డు దాటుతుంటే, "మీ నాన్నలా తొందరపడకు" అనేది తల్లి. పరీక్షకెళ్తుంటే అదే మాట. పాలు పొంగబోతే ఉత్తచేత్తో దించబోయినా అదే మాట. ఒకసారి ఆశీర్వాదం వాళ్ళ గుమ్మంలో నిలబడి ఉండగా ఆ మాట విన్నాడు. కాఫీ గ్లాసు సగంలో పెట్టేసి, ఏదో పనుందని సైకిలెక్కాడు. ఆ తరవాత మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కలేదు.

రెండువేల మూడు డిసెంబర్లో మళ్ళీ తుపాను హెచ్చరిక వచ్చింది. ఆశీర్వాదం సంచి తీశాడు. పదమూడు హ్యాండిళ్ళు పడ్డాయి. పద్నాలుగో ఇల్లు చెరువుల భీమరాజు గారిది. రొయ్యల చెరువు గట్టు మీద పాత ఇంజను చోట కొత్త జనరేటరు నీలంరంగు పెట్టెలో మెరుస్తోంది.

"హ్యాండిలు లేదయ్యా దీనికి. సెల్ఫ్ స్టార్ట్. తాళం తిప్పితే చాలు, చప్పుడు కూడా రాదు" అన్నాడు భీమరాజు మురిసిపోతూ.

చప్పుడు రాదా? ఏడేళ్ళుగా ఆశీర్వాదం చెవులతోనే కదా కాపలా కాస్తున్నది!

"అయితే తాళం ఇవ్వండి రాజుగారూ. మేము స్తంభం మీదున్న మూడు గంటలూ అది తిరగకూడదు."

"మూడు గంటలు ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుందయ్యా. నీళ్ళు చిలికి గాలి కలపకపోతే ఊపిరాడదు వాటికి. సరే, ఈసారికి నీ మాట కాదనను. మూడు గంటలంటే మూడే."

తాళం సంచిలో వేశాడు. అన్ని ఇనప హ్యాండిళ్ళ మధ్య ఆ బుల్లి తాళం ఎక్కడికో జారిపోయింది. చెయ్యిపెట్టి వెతికి బయటికి తీసి, జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. దారిలో నాలుగుసార్లు జేబు తడుముకున్నాడు. ఆ రాత్రి ఏసమ్మని నిద్రపోనివ్వలేదు.

"తాళం మీ దగ్గరే ఉందిగా, ఇంకా ఏంటి?"

"ఉంది."

"మరి పడుకోండి."

పడుకోలేదు.

* * *

మర్నాటికి గాలి తగ్గింది. చెరువుల లైన్లో మూడు స్తంభాలు ఒరిగాయి. సబ్‌స్టేషన్లో మాణిక్యాంబ ఎల్సీ రాస్తూ మామూలుగానే సంచి లెక్క అడిగింది. ఆశీర్వాదం చెప్పాడు.

"పదమూడు హ్యాండిళ్ళు, ఒక తాళమండి."

ఆవిడ కలం ఆగింది. తల ఎత్తి చూసింది. "తాళమా?" అని, మళ్ళీ వంగి రాసుకుంది.

ఆ రోజు అతని జత రాముడు. నలభై ఏళ్ళవాడు, ముగ్గురు పిల్లలు. ఇప్పుడు రెండువైపులా ఎర్తింగ్ చెయ్యమని నిబంధన వచ్చింది. రెండో గొలుసుల సెట్టు మాత్రం పక్క సెక్షన్ వాళ్ళు పొద్దున్నే పట్టుకుపోయారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర స్విచ్చి ఉంది గానీ ఉప్పుగాలికి బిగుసుకుపోయి, లాగితే విరిగేలా ఉంది. ఉన్న ఒక్క సెట్టూ సబ్‌స్టేషను వైపు వేశారు. ఊరివైపుకి ఆశీర్వాదం సంచే కాపలా.

రాముడు నడుం తాడు బిగించి ఎక్కడం మొదలెట్టాడు. ఆశీర్వాదం కాలు నిలవలేదు. జేబు తడిమాడు, తాళం ఉంది. సంచి విప్పి లెక్కపెట్టాడు, పదమూడూ ఉన్నాయి. చెవులు రిక్కించాడు, ఎక్కడా ఇంజను చప్పుడు లేదు. లేకపోతే మాత్రం! చప్పుడు రాదన్నాడు కదా. నాలుగడుగులు గట్టెక్కి ఊరివైపు చూశాడు.

పట్టపగలు పాపాయమ్మ గారి వసారాలో బల్బు వెలుగుతోంది.

"రాముడూ! దిగు! ముట్టుకోకు, దిగు!"

ఆ కేకకి చెరువు మీది కొంగలు లేచాయి. రాముడు పై తీగకి ఇంకా రెండు బారలు కిందనే ఉన్నాడు. ఏమైందో తెలీకపోయినా జర్రున జారి దిగాడు. ఆశీర్వాదం అప్పటికే పొలాలకి అడ్డంపడి పరిగెడుతున్నాడు. యాభై ఏళ్ళ మనిషి బురదలో చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. కిటికీలోంచి వైరు, వైరు చివర ప్లగ్గు. లాగేశాడు. మోటారు ఆగింది, బల్బు ఆరింది. అంతా అచ్చం ఏడేళ్ళ కిందటి లాగే ఉంది, పొయ్యి మీద అన్నంతో సహా.

భీమరాజు వెనకే వచ్చాడు. "ఏంటయ్యా ఆ పరుగు? రొయ్యలు పైకి తేలాయి, ఏం చెయ్యను? కంపెనీ వాళ్ళు రెండు తాళాలిస్తారు. నా చెరువుకి స్విచ్చి వేరే పెట్టించాను, నీ లైనుకీ దానికీ సంబంధం లేదు. మామ్మగారు నీళ్ళు లేవు, లైను వాళ్ళకి వండాలంటే ఒక వైరు ఇచ్చాను. ఇల్లేగా, ఒక మోటారు, ఒక బల్బు!"

"మెయిన్ దించారా?"

"ఎందుకు దించాలి?"

ఏడేళ్ళుగా బిగబట్టుకున్నది అప్పుడు తెగింది. ఆశీర్వాదం వైరు చేత్తో పట్టుకుని అరిచాడు.

"ఎందుకంటే అప్పాజీ ఇలాగే పోయాడు కాబట్టి! తొందరపడి కాదు, అజాగ్రత్తగా ఉండి కాదు. ఇదే కిటికీ, ఇలాంటి వైరే. నేను చూశాను. నా చేతుల్తో లాగి డ్రెయిన్లో పారేశాను. ఇప్పుడు రాముడు పోయేవాడు!"

భీమరాజు జేబులోంచి రెండో తాళం తీసి అరుగు మీద పెట్టాడు. బురదకాళ్ళతో అప్పుడే వచ్చిన రాముడు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. పాపాయమ్మ గరిటె చేత్తో పట్టుకునే పొయ్యి ముందు కూలబడింది.

"నేనా? నేను చేసిందా నాయనా అది?"

"మీరు కాదమ్మా. అన్నం అడిగింది నేను."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. తుపానొచ్చిన ప్రతిసారీ, లైను చెడిన ప్రతిసారీ ఆవిడ అతనికి పీట వేసింది, వడ్డించింది. అతను నిలబడి తింటానంటే కోప్పడింది.

"మరి ఇన్నేళ్ళూ నా చేతి అన్నం ఎలా తిన్నావయ్యా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగింది. "ఆ పిల్లతో చెప్పావా? మాణిక్యాంబతో?"

"లేదమ్మా."

"వెళ్ళి చెప్పు. నా పేరు దాచకు. పోలీసులొస్తే రానీ, నా కాళ్ళతో నేనే వెళ్తాను."

పని ఆగదు కదా. మెయిన్ దించారు, వైరు చుట్టారు. భీమరాజు, ఆ మిగతా మూడిళ్ళ వాళ్ళూ ఎవరి మెయిన్ దగ్గర వాళ్ళు కాపలా కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే కూర్చున్నారు. రాముడు మళ్ళీ స్తంభమెక్కాడు. ఎక్కే ముందు ఆశీర్వాదం వైపు చూసి, "అన్నా, మూడుసార్లు చూశావా?" అన్నాడు. ఆశీర్వాదం మూడుసార్లూ చూశాడు. రెండు గంటల్లో లైను నిలబడింది.

* * *

ఎల్సీ కాగితం తిరిగివ్వడానికి సబ్‌స్టేషనుకి వెళ్ళేసరికి నాలుగైంది. మాణిక్యాంబ రిజిస్టరు తెరిచింది.

"మనుషులందరూ దిగారా?"

"దిగారండి."

"సంచి లెక్క?"

"పదమూడు హ్యాండిళ్ళు, రెండు తాళాలు." అంతటితో ఆగితే ఆగిపోయేదే. ఏడేళ్ళు అలాగే ఆగాడు. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "ఒక వైరు కూడా ఉందండి. తొంభై ఆరుది."

మొదలెట్టాక ఆపలేదు. అన్నం అడగడం దగ్గర్నించి డ్రెయిన్లో పారెయ్యడం దాకా, ఆఫీసర్ల ముందు నోరు విప్పకపోవడం దాకా చెప్పేశాడు. పాపాయమ్మ గారి పేరూ చెప్పాడు. మాణిక్యాంబ కలం పట్టుకుని అలాగే విన్నది. చివరికి అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఆ అన్నం తిన్నారా మీరు?"

"లేదండి. ఎవరూ తినలేదు."

"అయితే ఆయన ఆకలితోనే పోయారన్నమాట."

ఆశీర్వాదం తల వంచుకున్నాడు. తిడితే బాగుండునని, చెయ్యి చేసుకున్నా బాగుండునని అనిపించింది. ఆవిడ లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. భుజాలు కదిలాయి. తిరిగి వచ్చేసరికి ముఖం ఎర్రగా ఉంది గానీ గొంతు గట్టిగానే ఉంది.

"నాకెప్పుడూ సరిపోలేదు ఆశీర్వాదం గారూ. మంచం మీంచి దిగాలన్నా చెప్పులెక్కడున్నాయో చూసుకుని దిగే మనిషి ఆయన. కాగితం మీద అలా రాశారు కదా, పెద్దవాళ్ళు రాశారు కదా అని నమ్మాను. నమ్మి, పిల్లకి నూరిపోశాను. దానికి నాన్నంటే తొందరపాటు మనిషి, అంతే." ఆవిడ తెల్లకాగితం ఒకటి అతని ముందుకి తోసింది. "ఇదంతా ఆఫీసుకి రాసివ్వాలి మీరు."

"ఇస్తానండి." ఉద్యోగం పోతుందేమో. రిటైరవడానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది. ఆ ఆలోచన వచ్చింది గానీ, దాని వెంట రావలసిన భయం రాలేదు.

"అది రేపు. ఇవాళ మా ఇంటికెళ్ళండి. హారతి ఉంటుంది. నేను చెబితే, అమ్మ నాన్నని వెనకేసుకొస్తోందనుకుంటుంది. చూసినవాళ్ళు మీరు, మీరే చెప్పాలి. లైన్లోకి కరెంటు నేను వదుల్తాను."

అతను సంచి ఎత్తుకోబోయాడు. కరెంటొచ్చాక తుడిచి, నూనె రాసి తిరిగివ్వడం అలవాటు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఇక్కడుండనివ్వండి."

సైకిలు మీద పది నిమిషాల దారి. ఎన్నాళ్ళుగానో ఆ సందులోకి తిరగకుండా చుట్టుతిరిగి పోయేవాడు. గుమ్మం ముందు సైకిలు దిగి, స్టాండు వెయ్యడం మరిచిపోయి గోడకి ఆనించాడు. హారతి తలుపు తీసింది. తండ్రి కళ్ళే ఆ పిల్లవి.

"ఏంటి బాబాయ్ గారూ, ఇటు వచ్చారు? కరెంటు ఇంకా ఆలస్యమా?"

"వచ్చేస్తుందమ్మా. నేను వచ్చింది దాని గురించి కాదు. మీ అమ్మ పంపింది."

ఆ పిల్ల కంగారుపడి కుర్చీ వేసింది. అతను కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు, బురద ఎండి చేతులు తెల్లగా ఉన్నాయి. ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలీలేదు. అంతలో లోపల ట్యూబ్‌లైటు టపటప కొట్టుకుని వెలిగింది. పైన ఫ్యాను కదిలింది, కీచుమని ఒకసారి ఆగి మళ్ళీ తిరిగింది. ఆశీర్వాదం తల ఎత్తి చూడలేదు.

"మీ నాన్న స్తంభం ఎక్కే ముందు మూడుసార్లు చూసుకునేవాడమ్మా" అన్నాడు. "ఆ రోజు కూడా మూడుసార్లూ చూసుకున్నాడు."